తీర్పు వచ్చేలోగా

2024 ఏప్రిల్ 15, సోమవారం. బుకారమాంగా, కొలంబియా

మేం దత్తత తీసుకోబోయే పిల్లలిద్దర్నీ చూడ్డానికి తొమ్మిదింటికల్లా రమ్మన్నారు. తలుపు తెరిచేసరికి పదిన్నర. పెద్దదానికి పదేళ్ళు, చిన్నోడికి ఏడు. పేర్లు ఇక్కడ కూడా రాయను. కోర్టు పని తేలేదాకా పేర్లూ ఫొటోలూ ఎక్కడా పెట్టొద్దని వకీలమ్మ మరీ మరీ చెప్పింది. డైరీ ఎవరు చూస్తారు గనక అనుకోవచ్చు. అయినా చెయ్యి అలవాటు పడనీ.

ముందుగా మేం పంపిన ఆల్బం పెద్దది చంకలో పెట్టుకుని వచ్చింది. హ్యూస్టన్ ఇల్లు, వాళ్ళ గది, తెనాలిలో అమ్మా నాన్నా, అన్నయ్య పిల్లలు. మూలలన్నీ నలిగిపోయి ఉన్నాయి. చిన్నోడు గడప దాటుతూనే నన్ను ‘మమా’ అన్నాడు, ఈయన్ని ‘పపా’ అన్నాడు, ఇద్దరి మెడలూ పట్టుకుని వేలాడాడు. సైకాలజిస్టు కళ్ళు తుడుచుకుంది. ఐసీబీఎఫ్, అంటే ఇక్కడి ప్రభుత్వ శిశు సంక్షేమ సంస్థ, తరఫున వచ్చిన అధికారిణీ అంతే. ఈయన సంగతి సరేసరి. నాకు మాత్రం ఏడుపు రాలేదు. ఇంకో పావుగంటకి వాడు మా టాక్సీ డ్రైవరు మెడ పట్టుకుని కూడా అలాగే వేలాడాడు.

దేశాల మధ్య దత్తతలకి ఉన్న హేగ్ ఒప్పందం కింద పిల్లల్ని దత్తత తీసుకునే అమెరికా తల్లిదండ్రులకి కనీసం 10 గంటల శిక్షణ తప్పనిసరి. అందులో చెప్పారు, ఎవరు కనబడితే వాళ్ళని అల్లుకుపోయే పిల్లవాణ్ణి చూసి మురిసిపోకండి అని. ఎవరు తనవాళ్ళో తేలక, అందర్నీ మంచి చేసుకుంటాడట.

పెద్దది చెయ్యి చాపి షేక్‌హ్యాండ్ ఇచ్చింది. ముఖంలో నవ్వు లేదు. దానిమీదే నాకు ఎక్కువ గురి కుదిరింది.

ఏప్రిల్ 17, బుధవారం

శ్రీరామనవమి. అమ్మ పొద్దున్నే ఫోను చేసి, పానకం చేశావా అంది. ఈ దేశంలో ఆ బెంగ లేదు. బెల్లం తయారీలో ప్రపంచంలో మన తర్వాత కొలంబియాదే స్థానం. ఇక్కడ దాని పేరు పనేలా. బెల్లం నీళ్ళు కాచి, నిమ్మకాయ పిండి, పొద్దుటా సాయంత్రం తాగుతారు. అగ్వాపనేలా అంటారు. మిరియాలూ యాలకులూ నూరి వేస్తే మన పానకం. పెద్దది ఒక గుక్క తాగి మొహం చిట్లించింది. మిరియం తగలనిది వేరే గ్లాసులో తనే కలుపుకుని తమ్ముడికి ఇచ్చింది. నన్ను అడగలేదు.

తమ్ముడి పనులన్నీ తనవే. స్నానం, బూట్ల లేసులు, పళ్ళెంలో మాంసం ముక్కలు కోసి పెట్టడం. రాత్రి వాణ్ణి గోడవైపు పడుకోబెట్టి, తను తలుపువైపు పడుకుంటుంది. లైటు ఆర్పనివ్వదు. ‘ఇక అదంతా నేను చూసుకుంటాలే, నువ్వు హాయిగా ఆడుకో’ అనొచ్చు. ఈయన అనబోయారు కూడా. నేనే ఆపాను. ఇన్నేళ్ళూ ఆ పిల్లకి ఉన్న ఉద్యోగం అదొక్కటే. వచ్చిన మూడో రోజునే ఊడబెరికితే దానికి ఏం మిగులుతుంది? ఈ వారానికి నేను అడిగి తీసుకున్నది బూట్ల లేసులు మాత్రమే. కాసేపు ఆలోచించి, ఎడమ బూటు ఇచ్చింది.

ఎందుకు కొలంబియా అని అమ్మ ఇప్పటికీ అడుగుతుంది. మన దేశంలో పిల్లలు లేరా అని. ఉన్నారు. కానీ హ్యూస్టన్‌లో మందుల షాపు కౌంటరు వెనక నిలబడీ నిలబడీ నాకు స్పానిష్ వచ్చేసింది. పెద్ద పిల్లలు, అందులోనూ తోబుట్టువులు, విడదీయకుండా ఇద్దర్నీ తీసుకునే ఇల్లు దొరక్క ఏళ్ళ తరబడి ఎదురు చూస్తుంటారు. వాళ్ళ కోపం వాళ్ళ భాషలో అర్థమయ్యే ఇల్లు కావాలి కదా. పసిపిల్లైతే ఏ భాషలో జోకొట్టినా నిద్రపోతుంది. పదేళ్ళ పిల్లకి చెప్పుకోవలసినవి ఉంటాయి.

ఏప్రిల్ 19, శుక్రవారం

పేలు. ఇద్దరి తలల్లోనూ. రాత్రి దిండు మీద ఒకటి పాకుతుంటే చూశాను.

అమ్మకి చెబితే, కొబ్బరినూనెలో కర్పూరం కలిపి పట్టించమంది. ఫార్మసీ చదివిన కూతురు ఆ మాట వినదని ఆవిడకీ తెలుసు. కర్పూరం పిల్లల ఒంటికి పడదు. మూలమీద మందుల షాపులో లోషనూ, సన్న పళ్ళ ఉక్కు దువ్వెనా తెచ్చాను. పెద్దది దువ్వెన లాక్కుంది. తమ్ముడి తల తనే చూస్తుందట. చూడు అన్నాను. బాల్కనీలో కుర్చీ వేశాను, తెల్ల తువ్వాలు పరిచాను, ఫోను లైటు పట్టుకుని నిలబడ్డాను. గంటన్నర పట్టింది. పాయలు పాయలుగా విడదీసి, కుదుళ్ళ నుంచి లాగి, తువ్వాలు మీద దులిపి, గోటితో నొక్కి. మా ఇళ్ళల్లో మేనత్తలు చూసేవాళ్ళు ఇంత ఓపికతో. చెవి వెనక ఉన్న ఈర్లు కూడా వదల్లేదు.

వాడి తల అయిపోయింది. దువ్వెన కడిగింది. కాసేపు దాన్ని చేతిలో అటూ ఇటూ తిప్పింది. ఎవరి తల వాళ్ళు చూసుకోలేరు మరి. అద్దం ముందుకెళ్ళి చూసుకుంది, వెనక్కి వచ్చింది, కుర్చీలో నాకు వీపు పెట్టి కూర్చుంది. దువ్వెన భుజం మీదుగా ఇచ్చింది. ఒక్క మాట అనలేదు. నేనూ అనలేదు.

నడుం దాకా జుట్టు. మొదటి అరగంట భుజాలు బిగపట్టుకునే ఉంది. తర్వాత తల కొంచెం కొంచెం వెనక్కి వాలింది. మెడ వెనక పాత మచ్చ ఒకటి కనబడింది. ఏమిటని అడగలేదు. చెప్పాలనుకున్నప్పుడు చెబుతుంది. దువ్వడం పూర్తయ్యాక, ‘ఎన్ని దొరికాయి?’ అంది. లెక్క పెట్టలేదన్నాను. వాడి తలలో పదిహేడట. తనకి అంతకన్నా తక్కువే అయి ఉంటాయట.

పది రోజుల పాటు రోజూ చూడాలని లోషను సీసా మీద రాసి ఉంది. ఆ కంపెనీవాడు చల్లగా ఉండాలి.

ఏప్రిల్ 23, మంగళవారం

నిన్న సైకాలజిస్టు ఇంటికొచ్చి చూసి వెళ్ళింది. మాతో విడిగా, పిల్లలతో విడిగా మాట్లాడింది. కలిసిపోతున్నారని ఆవిడ రాసిచ్చే కాగితంతోనే వకీలమ్మ ఫామిలీ కోర్టుకి వెళ్తుంది. కేసు వేశాక పది పనిదినాల్లో జడ్జి తీర్పు చెప్పాలని 2006 నాటి బాలల చట్టం. వేసేదాకా పట్టే కాలానికి మాత్రం ఏ చట్టమూ లేదు.

సాయంత్రాలు పార్కేస్ ఆడుతున్నాం. ఇంటింటా ఉంటుంది ఈ బల్ల. మన పచ్చీసే స్పెయిను మీదుగా ఇక్కడి దాకా వచ్చింది. గవ్వలకి బదులు రెండు పాచికలు. కాయలన్నీ మొదట జైల్లో ఉంటాయి, రెండు పాచికలూ ఒకే అంకె పడితేనే విడుదల. చిన్నోడు దొంగాట ఆడతాడు, దాచుకోవడం కూడా రాదు. ఈయన వాడి కాయని చంపి జైలుకి పంపితే బల్ల ఎత్తి కొట్టాడు. కాయలు మంచాల కిందకి పోయాయి. కాస్త శాంతించాక వాడు చేసిన పని నన్ను భయపెట్టింది: మూల నిలబడి, మమ్మల్ని చూసి నవ్వుతూ, ‘మీరు చాలా అందంగా ఉన్నారు’ అన్నాడు. ఇంత పసివాడు పెద్దవాళ్ళ మనసు పట్టే విద్య ఎక్కడ నేర్చుకున్నాడో. నలుగురం నేలమీద పాకి కాయలు వెతికాం. ఒకటి దొరకలేదు, దాని బదులు చొక్కా గుండీ పెట్టి మళ్ళీ ఆడాం. కోప్పడతామని ఎదురుచూసిన మొహంతోనే రాత్రంతా ఉన్నాడు.

మా టెక్సాస్‌లోనే ఫోర్ట్‌వర్త్‌లో ఉండేది కేరిన్ పర్విస్. 2016లో పోయింది. దెబ్బతిన్న పిల్లల పెంపకం మీద 2007లో ఆవిడ మరో ఇద్దరితో కలిసి రాసిన పుస్తకం నా సూట్‌కేసులో ఉంది. పిల్లవాడి భయం తీరకుండా బుద్ధులు చెప్పినా వాడికి ఎక్కదని అందులో ఎన్ని పేజీల్లో చెప్పారో! బల్ల ఎగిరిన ఆ అర నిమిషంలో అంతా మరిచిపోకుండా ఉండటమే మన వంతు పని.

ఏప్రిల్ 26, శుక్రవారం

చిన్నోడి దిండు కింద రెండు అరేపాలు, ఒక అరటిపండు. వారంగా దాస్తున్నాడని వాసన చెప్పింది. మొక్కజొన్న రొట్టెలు కాబట్టి సరిపోయింది, కోడికూరైతే ఇల్లు ఖాళీ చేయాల్సి వచ్చేది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా కొని వాడి పేరు రాశాను. బిస్కెట్లు, వేరుశనగలు, ఒక పండు. నీ డబ్బా ఎప్పుడూ నిండే ఉంటుంది, అడగక్కర్లేదు, రాత్రి పక్కలో పెట్టుకో అన్నాను. మూడుసార్లు ఖాళీ చేసి చూపించాడు. మూడుసార్లూ నింపాను. ఇంత తిండి చేతికిస్తే అన్నం తినడు కదా అని ఈయన గొణుగుడు. పప్పన్నం మాత్రం మానడం లేదు వాడు. వీళ్ళూ వారానికి రెండు మూడుసార్లు పప్పు తినేవాళ్ళే. నా ఇంగువ పోపుకే ముక్కు మూసుకుంటున్నారు.

కేసు నిన్న దాఖలైంది.

ఏప్రిల్ 28, ఆదివారం

ఈయన హ్యూస్టన్ వెళ్ళారు. ఉద్యోగం. ఇక్కడి సంతకాలకి నా పేర పవర్ ఆఫ్ అటార్నీ ఉంది. పిల్లల వీసాల పనికి తిరిగి బొగొటాకి వస్తారు.

నాలుగు రోజుల ముందు నుంచే చెప్పాం, క్యాలెండరు మీద గీశాం, టికెట్టు చూపించాం. పెద్దది టికెట్టు మీద తారీఖు చదివి, ‘రాకపోతే?’ అంది. వాళ్ళ అనుభవంలో పెట్టె సర్దుకున్నవాళ్ళెవరూ తిరిగి రాలేదు. ఒట్టు వేయబోయారు ఈయన. ఒట్లు కూడా వాళ్ళు చాలానే చూసి ఉంటారు. రోజూ రాత్రి ఏడింటికి వీడియో కాల్ చేస్తాను అని మాత్రం చెప్పి వెళ్ళారు.

మే 2, గురువారం

ఏడు దాటింది, ఫోను రాలేదు. పెద్దది గోడ గడియారం కింద నిలబడింది. నన్ను చూడలేదు. ఏడూ పన్నెండుకి మోగింది. ఆఫీసు మీటింగు సాగిందట. ఫోను తమ్ముడికిచ్చి అది బాత్రూంలోకి వెళ్ళి గొళ్ళెం పెట్టుకుంది. తలుపు బయట నేల మీద కూర్చున్నాను. ‘నేనిక్కడే ఉన్నా’ అని ఒకసారి చెప్పి, తర్వాత ఊరుకున్నాను. ఎంతసేపటికో తలుపు కింద సందులోంచి పేల దువ్వెన బయటకి తోసింది. ఈ పూట తల చూడలేదు కదా, అదీ సంగతి.

మే 5, ఆదివారం

బజారు. ఏప్రిల్, మే నెలల్లో ఈ సాంతాందేర్ ప్రాంతమంతా వేయించిన పెద్ద చీమలు అమ్ముతారు. రెక్కల రాణి చీమలు, వెనక భాగం శనగగింజంత ఉంటుంది. ఓర్మీగా కులోనా అంటారు. పొట్లం కొనమంది పెద్దది. ఒకటి తీసి నా అరచేతిలో పెట్టి, తమ్ముడి వైపు కన్ను గీటింది. పరాయి దేశపు మనిషి కెవ్వుమంటుందని చూస్తున్నారు ఇద్దరూ.

మాచర్ల దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో తొలకరి పడ్డ రాత్రి దీపం కింద నీళ్ళ పళ్ళెం పెట్టి ఉసిళ్ళు పట్టేవాళ్ళం. రెక్కలు చెరిగి, మూకుట్లో వేయించి, ఉప్పూ కారం వేసి, బొరుగుల్లో కలుపుకుని తినేవాళ్ళం. చీమ నోట్లో వేసుకున్నాను. ఇంకోటి అడిగి తీసుకున్నాను. ఉప్పు తక్కువైందన్నాను. పెద్దది నోరు తెరిచి చూసింది, తర్వాత పగలబడి నవ్వింది. అది నవ్వడం నేను చూడటం ఇదే మొదలు. ముందు పన్ను ఒకటి వంకర.

అటునుంచి ఫ్లోరిదాబ్లాంకా వెళ్ళి ఒబ్లేయాలు తిన్నాం. పల్చటి అప్పడాల్లాంటి రెండు పొరల మధ్య పాలకోవా పాకం. బస్సు ఎక్కడ ఎక్కాలో, ఎంత ఇవ్వాలో, ఏ వీధిలో వెళ్ళకూడదో అంతా పెద్దదే చెప్పింది. తప్పు చిల్లర ఇచ్చిన కొట్టువాణ్ణి నిలదీసింది కూడా. నేను వెనక నడిచాను.

కోర్టు కోసం కూర్చున్న ఈ వారాల్ని మా ఏజెన్సీ కాగితాల్లో ‘నిరీక్షణ’ అని రాశారు. హ్యూస్టన్ స్నేహితులు ‘అయ్యో, ఇంకా అక్కడే ఇరుక్కున్నారా’ అంటున్నారు. నాకలా అనిపించడం లేదు. నేల వీళ్ళది, భాష వీళ్ళది, పరదేశిని నేను. నాకు దారి చెప్పగలరు, నా యాసని వెక్కిరించగలరు, నేను తెల్లమొహం వేస్తే నవ్వగలరు. విమానం ఎక్కిన మరుక్షణం అదంతా తలకిందులవుతుంది. పెద్దవాళ్ళని నమ్మాలో వద్దో తేల్చుకునే పని, తమదైన చోట నిలబడి చేస్తున్నారు. అలా చేయగలిగేది ఇప్పుడే.

మే 9, గురువారం

తీర్పు వచ్చింది. వకీలమ్మ ఫోనులో చదివి వినిపించింది. ఇక్కడ మనిషికి రెండు ఇంటిపేర్లు, ఒకటి నాన్నది, ఒకటి అమ్మది. నా పుట్టింటి పేరు పెళ్ళితో నా కాగితాల్లోంచి ఎప్పుడో పోయింది. నా పిల్లల జనన ధ్రువపత్రంలో మాత్రం ఉంటుంది. నాన్నకి చెబితే కాసేపు మాట్లాడలేదు.

సొంత పేర్లు వాళ్ళవే. మూడేళ్ళు దాటిన పిల్లల పేరు మార్చాలంటే వాళ్ళు ఒప్పుకోవాలి, లేదా జడ్జికి తగిన కారణం కనబడాలి. మంచి చట్టం. అత్తయ్యగారు లక్ష్మి అని పెట్టమంటున్నారు. కుదరదని ఈయనే చెప్పాలి.

చిన్నోడు నోటుబుక్కు నిండా కొత్త ఇంటిపేర్లు రాశాడు. పెద్దది పాత ఇంటిపేర్లు ఒకసారి రాసి, ఆ కాగితం మడిచి ఆల్బంలో పెట్టుకుంది. పెట్టుకోనీ.

మే 13, సోమవారం

నిన్న ఇక్కడ మాతృదినోత్సవం. మే రెండో ఆదివారం. ఊళ్ళో హోటళ్ళన్నీ కిటకిట. పెద్దది కార్డు తయారు చేసింది. ఇంతకాలం తమని పెంచిన ఫాస్టర్ తల్లికి. ఫోను చేసుకోవచ్చని సైకాలజిస్టు ముందే చెప్పింది. కలిపి ఇచ్చి, వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ పెట్టుకున్నాను. పెద్దది చాలాసేపు ఏడ్చింది. చిన్నోడు తన డబ్బాలో ఏమేం ఉన్నాయో ఒక్కొక్కటీ చెప్పాడు. చివర్లో ఆవిడ నాతో మాట్లాడింది. చిన్నోడికి చెవి నొప్పి వస్తే ముందు అల్లరి ఎక్కువ చేస్తాడని, నొప్పి అని చెప్పడని చెప్పింది. ఏ ఫైల్లోనూ లేని మాట. మేం ఉండగా ఇంకేమైనా గుర్తొస్తే ఎప్పుడైనా చేయమన్నాను.

నాకు కార్డు లేదు. రాసుకోవలసినంత విషయం కాదు, అయినా రాస్తున్నాను. ఆవిడ కోసం ఏడ్చే పిల్లకి మనుషుల్ని అంటిపెట్టుకోవడం తెలుసు. తెలిసిన పిల్లకి మళ్ళీ వస్తుంది. నాకు కావలసింది అది.

ఇవాళ ఆంధ్రాలో పోలింగు. అమ్మ సిరా చుక్క వేలు వీడియోలో చూపిస్తే చిన్నోడు తన వేలికీ పెన్నుతో దిద్దుకున్నాడు. నాన్నకి మనవడి కంటే పోలింగు శాతం మీదే ధ్యాస.

మే 21, మంగళవారం. బొగొటా

పాస్‌పోర్టులు వచ్చాయి. ఇక అమెరికా వీసా పని. ఈయన శనివారమే దిగారు, టికెట్టు మీదున్న తారీఖుకే. పెద్దది ఆ తారీఖు మళ్ళీ సరిచూసింది.

ఇక్కడ 2,600 మీటర్ల ఎత్తు, చలి, సాయంత్రం వాన. అయినా రిజర్వాయర్లు అడుగంటి, ఏప్రిల్ నుంచి నీళ్ళకి వంతులు పెట్టారు. మా వీధి వంతు ఇవాళ. నిన్న రాత్రి బకెట్లు, గిన్నెలు, పార్కేస్ కాయల డబ్బాతో సహా పిల్లలే నింపారు. చెంబుతో స్నానం చేయడం హ్యూస్టన్‌లో పుట్టిన పిల్లలకి నేర్పాలంటే తాతలు దిగి రావాలి.

వైద్య పరీక్షలో క్షయ కోసం రక్తం తీశారు. చిన్నోడు సూది చూసి అక్క ఒళ్ళో ఎక్కాడు. కాళ్ళు మాత్రం నా ఒళ్ళో పెట్టాడు. ఇప్పటికీ దెబ్బ తగిలితే ముందు అక్క దగ్గరకే పరుగు, అది లేకపోతేనే నేను. కుడి బూటు లేసు కూడా ఈ వారమే చేతికొచ్చింది.

టాక్సీ డ్రైవర్ల మెడ పట్టుకోవడం మానేశాడు. మొన్న హోటల్లో ఒకావిడ ముద్దు చేయబోతే నా వెనక్కి వచ్చి నిలబడ్డాడు. సిగ్గు నేర్చుకున్నాడని ఈయన కంగారు. నేను చాలా సంతోషించాను.

మే 28, మంగళవారం

వీసాలు చేతికొచ్చాయి. గురువారం ప్రయాణం. 2000 నాటి చట్టం ప్రకారం హ్యూస్టన్‌లో ఇమిగ్రేషన్ దాటగానే ఇద్దరూ అమెరికా పౌరులు. ఆ గేటు ముందు మేం నిలబడ్డ ఏళ్ళు తలుచుకుంటే నవ్వొస్తోంది.

అక్కడ మనవాళ్ళు పాతికమంది బెలూన్లతో ఎయిర్‌పోర్టుకి వస్తామంటున్నారు. ప్రేమే. అయినా వాట్సాప్ గ్రూపులో ఇది పెట్టాను, ఇక్కడ కూడా రాసి ఉంచుతున్నాను:

‘అందరికీ నమస్కారం. దయచేసి ఎయిర్‌పోర్టుకి ఎవరూ రావద్దు. ఇంటికి వచ్చినప్పుడు పిల్లల్ని ఎత్తుకోవడం, ముద్దులు పెట్టుకోవడం, చాక్లెట్లు ఇవ్వడం వద్దు. వాళ్ళు ఏదడిగినా “అమ్మనడుగు, నాన్ననడుగు” అని మా దగ్గరకే పంపండి. కన్నవాళ్ళ గురించి వాళ్ళనీ అడగొద్దు, మమ్మల్నీ అడగొద్దు. అదృష్టవంతులని వాళ్ళ ముందు అనొద్దు. వండినదేదైనా గుమ్మం దగ్గర పెట్టి బెల్లు కొట్టి వెళ్తే మహోపకారం. కారం తగ్గించండి, ఇంగువ అసలు వద్దు. ఆగస్టులో బడులు తెరిచేదాకా ఇంతే. ఆ తర్వాత మేమే పిలుస్తాం, అందరూ రండి.’